గుంతలో రాగి రేకు

"పండ్లు రాలగొట్టుండ్రి వానివి! మంత్రం సదివిన నోరు మళ్ళ తిరగొద్దు!"

పుట్టినూరు మానవపాడు నుంచి పొద్దుటి రైలు దిగి, చంకలో మూటతో ఇంటి వెనక సందులోకి మలుపు తిరుగుతూనే రుక్కమ్మ ఆ కేక విన్నది. గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. తన మొగుడు బాలస్వామి పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో నోరెత్తి మాట్లాడే అధికారం అత్త భీమమ్మ ఒక్కదానిదే.

సందు నిండా జనం. మోటారు కొట్టం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బాలస్వామి బతికున్నన్నాళ్ళూ తన బస్సును నిలబెట్టుకున్న ఆ కొట్టం ముందర, కరెంటు తీగల పనికి వచ్చిన ప్రభుదాసును ఇద్దరు మనుషులు రెక్కలు విరిచి పట్టుకున్నారు. అతని కింది పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది.

రుక్కమ్మ మూట అక్కడే వదిలేసి పరుగెత్తింది.

"ఏమైంది అత్తా? ఆయన్ని ఎందుకు పట్టుకున్నరు?"

"వచ్చినవా? రా, రా. నువ్వు పెట్టిచ్చిన ముల్లె బైటపడ్డది. వచ్చి సూసుకో."

కొట్టం గోడ వారన ఛాతీ లోతు గుంత. రుక్కమ్మ పుట్టింటికి పోయేనాటికి అక్కడ ముగ్గుతో గీసిన గుర్తు మాత్రమే ఉండేది. ఆమె లేనప్పుడు ప్రభుదాసు గుంత తవ్వాడు, పూడ్చాడు. ఈ పొద్దున భీమమ్మ జీతగాడి చేత మళ్ళీ తవ్వించింది. గట్టు మీద తడి బొగ్గులు, ఉప్పు కలిసిన మట్టి కుప్పగా పోసి ఉన్నాయి. భీమమ్మ రెండు చేతుల మధ్య మూరెడు రాగి రేకు ఉంది. పైట కొంగుతో మట్టి తుడిచిన చోట అక్షరాలు మెరుస్తున్నాయి.

"సదువురా గోవిందూ. ఇందాక సదివినవ్ గద, ఈ చిన్నకోడలు రాకముందు. ఇప్పుడు దీని ముంగట సదువు."

పెద్దకొడుకు గోవిందు కొట్టం ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు. రేకు వంక చూడకుండానే, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"బాలస్వామి."

జనంలో ఒక గుసగుస లేచి అణిగింది.

వాళ్ళు ఏమనుకుంటున్నారో రుక్కమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మనిషి పేరు రాగి రేకు మీద చెక్కించి, ఉప్పూ బొగ్గూ వేసి పాతిపెడితే దాన్ని ఏమంటారో పాలమూరు గడ్డ మీద పుట్టిన పసిపిల్లనడిగినా చెబుతుంది. బాణామతి. చేసినవాడు దొరికితే ముందు పళ్ళు ఊడగొడతారు. పళ్ళు లేని నోట మంత్రం సరిగా పలకదని నమ్మకం.

పైగా బాలస్వామి పోయిన తీరు కూడా అలాంటిదే. రాయిలాంటి మనిషి, గద్వాల నుంచి కృష్ణ ఒడ్డు దాకా రోజూ బస్సు నడిపినవాడు, రెండేళ్ళ కింద వానాకాలంలో ఉన్నట్టుండి మంచం పట్టాడు. గద్వాల దవాఖానలో చూపించారు. పుట్టి ఎక్కించి నది దాటించి వనపర్తిలో హకీముకు చూపించారు. ఎవరికీ రోగం అంతు చిక్కలేదు. కొడుకును ఏది మింగిందో తెలియక భీమమ్మ రెండేళ్ళుగా కనిపించిన ప్రతివాళ్ళనూ అనుమానించింది. ఇవాళ ఆ అనుమానానికి తన పెరట్లోనే ఒక ఆనవాలు దొరికింది.

"అత్తా, అది మా అమ్మ నా పెండ్లికి పెట్టిన కాగు," అన్నది రుక్కమ్మ. "జర్మనోళ్ళ లడాయి వచ్చినకాడికెల్లి బజార్ల రాగి దొర్కుతలేదు. అందుకని నా కాగునే కొట్టిచ్చి రేకు చేపిచ్చిన. ఆయన పేరు దానిమీద పెండ్లినాడే ఏపిచ్చిండ్రు. కొత్తగ ఏపిచ్చింది గాదు."

"కాగైతే పొయ్యి మీదుండాలె. ఉప్పూ బొగ్గూ ఏసి మట్టిల పెడ్తరానే?"

"పెద్ద కరెంటుకు పెట్టాలె అత్తా."

పక్కింటి పెంటమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "తీగల వస్తదని విన్నం గని, మట్టిల పెట్టి పెంచుతరని ఇనలే తల్లీ!"

కొందరు నవ్వారు. ఆ నవ్వుతో రుక్కమ్మకు ఒళ్ళు మండింది. పెంటమ్మ ఇంటి కోడలే కదా మొన్న అరచేతుల్లో పొక్కులు చూపించి, పిండి గిర్ని ఎప్పుడు పెడతావక్కా అని అడిగింది. కోడి కూయకముందు లేచి ఇసుర్రాయి ముందు కూర్చోవడం ఈ సందులో ఏ ఆడదానికి తప్పింది? రుక్కమ్మ తానూ ఈ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ జొన్నలు విసిరింది. మొగుడు పోయాక, కొడుకులు లేని విధవకు ఇంట్లో ఇంకేం పని ఉంటుందని ఆ రాయి పూర్తిగా ఆమె ఒళ్ళోకే తోశారు. చచ్చేదాకా ఆ రాయి తిప్పుతూ, పెట్టింది తింటూ ఒక మూల పడి ఉండాలి. అలా ఉండనని ఆమె తీర్మానించుకుంది. బస్సు అమ్మి మోటారు తెప్పించింది. మానవపాడులో గిర్ని రాళ్ళు చెక్కించి, నిన్ననే వాటిని బండికెత్తించి, ఈ పొద్దున తాను రైలెక్కింది.

ఇంటి దీపాలకు వచ్చే కరెంటు ఆ మోటారును తిప్పలేదు. మూడు తీగల పెద్ద లైను కావాలి. ఊరి పవర్‌హౌసు ఇంకొక్క పెద్ద లైనును మాత్రమే మోయగలదు. దాని కోసం నూనె మిల్లు సావుకారు కాచుకుని కూర్చున్నాడు. ఈ మధ్యాహ్నం పాలమూరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి కొట్టంలో పని చూసి సరేనంటే లైను రుక్కమ్మది. లేదంటే సావుకారుది. మళ్ళీ అడగడానికి ఇంకో లైను లేదు.

రుక్కమ్మ ప్రభుదాసు వైపు తిరిగింది.

"ఏం పెడ్తున్నవో ఇంట్ల ఒక్క మాట చెప్పొద్దా ప్రభుదాసూ?"

ప్రభుదాసు నెత్తురు ఉమ్మేశాడు. రాయచూరు పత్తి మిల్లులో పని నేర్చి వచ్చిన మనిషి. మొదటి నుంచీ కాస్త ముక్కు మీద కోపమే. దెబ్బ తిన్నా అది తగ్గలేదు.

"ఎవరికి చెప్పాలెనమ్మా? గోడకా? ఇన్ని దినాలు ఈ సందులకెల్లే వచ్చిన, ఈ సందులకెల్లే పోయిన. నీళ్ళడిగితే చెంబు గోడ మీద పెట్టి ఎనక్కి జరిగిండ్రు. గుంత తవ్వుతుంటే కిటికీలకెల్లి సూసిండ్రు. ఇదేందిరా అని అడిగిన పాపాన పోలె. నేను యేసును నమ్ముకున్నోన్ని, నాకు మంత్రాలెందుకు? అడిగిన మనిషి ఒక్కడే. ఆయనకు మొత్తం ఇప్పి చెప్పిన."

"ఎవరు?"

ప్రభుదాసు గడ్డంతో చూపించాడు. అందరూ గోవిందు వైపు చూశారు.

"బావా," అన్నది రుక్కమ్మ. బావతో ఎదురుగా మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. పైట నెత్తి మీదికి లాక్కుని అడిగింది. "కాగు కంచరి దగ్గరికి తీస్కపోయింది మీరే గద. జర అత్తకు చెప్పుండ్రి."

"కొట్టియ్యమన్నవ్, కొట్టిచ్చిన. దాన్ని నువ్వు నెత్తిన పెట్టుకుంటవో, మట్టిల పెట్టుకుంటవో నాకేం తెల్వదు."

"నేను చెప్పిన గద అయ్యా!" అన్నాడు ప్రభుదాసు.

పట్టుకున్నవాళ్ళు అతని రెక్క ఇంకాస్త మెలిపెట్టారు. ఒకడు కింద నుంచి రాయి తీశాడు.

రుక్కమ్మ వెళ్ళి ప్రభుదాసుకు అడ్డంగా నిలబడింది.

"గుంత తవ్వమన్నది నేను. రేకు ఇచ్చింది నేను. ముందుగాల నా పండ్లు రాలగొట్టుండ్రి. మిగిలిన బలంతోని ఆయన దిక్కు పోదురు."

రాయి తీసినవాడు రాయిని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. పరాయి ఇంటి కోడలి మీద చెయ్యి వేస్తే రేపు ఊళ్ళో తలెత్తుకోలేడు. గోవిందు వద్దంటాడేమోనని చూశాడు, కానిమ్మంటాడేమోనని చూశాడు. గోవిందు ఏదీ అనలేదు. రాయి కింద పడింది. ప్రభుదాసు చేతులు విదిలించుకున్నాడు.

"ఇటియ్యి అత్తా," రుక్కమ్మ చెయ్యి చాపింది. "ఇన్‌స్పెక్టరు సాబు వచ్చే యాళ్ళయింది. గుంత మళ్ళ పూడ్వాలె."

భీమమ్మ రేకును రొమ్ముకు హత్తుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసి, గట్టున చెక్కిన మెట్టు మీద కాలు పెట్టి, ఎవరూ ఆపేలోపే గుంతలోకి దిగి కూర్చుంది.

"పూడ్వు. నా కొడుకు పేరు మీద మన్ను పోస్తవ్ గద? నా మీద గూడ పొయ్యి."

గోవిందు పెళ్ళాం దేవమ్మ వంటింటి గడపలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంతసేపూ పండ్లు రాలగొట్టమని అరిచిన భీమమ్మ గొంతు ఇప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. మంత్రమనో, మాయ అనో ఏడుస్తున్న ఏడుపు కాదది.

రుక్కమ్మకు అప్పుడు అర్థమైంది. ఈమెకు భయం లేదు. ఈమెకు దుఃఖం ఉంది. ఒకసారి మట్టిలో పెట్టిన కొడుకును మళ్ళీ తవ్వి తీసినట్టయింది ఈమెకు. అది తెలిశాక రుక్కమ్మ కోపం ఎటు పోయిందో పోయింది.

చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆమె కూడా గుంతలోకి దిగింది. ఇద్దరు కూర్చోవడానికి చోటు లేదు. అత్త మోకాళ్ళకు తన మోకాళ్ళు తగులుతుండగా ఇరుక్కుని కూర్చుంది.

"అత్తా, జర నా మాటిను. మిషను ఇనుముది. తీగ యాడన్న తెగి ఆ ఇనుముకు తాకిందనుకో, మిషను ముట్టుకున్న మనిషి ఆడికాడ్నే పోతడు. గట్ల పోకుండ, తప్పిపోయిన కరెంటును ఈ రేకు గుంజుకొని మట్టిల కలుపుతదంట. మట్టి తడారకుండ ఉండనీకె ఉప్పు, బొగ్గు. గంతే. ఇంకేం లేదు."

"గంతేనా?" భీమమ్మ వేలితో అక్షరాలు తడిమింది. చదువు రాదు గనక ఏ గీత ఏ అక్షరమో ఆమెకు తెలియదు. "మరి పేరెందుకు? గీకిచ్చెయ్యరాదా? నా కొడుకు పేరు తీసెయ్యనీకె కంచరోనికి చెయ్యి రాలేదా?"

"గీకెయ్యాలెనా అని కంచరాయన అడగనంపిండు. నేనే వద్దన్న."

భీమమ్మ తలెత్తింది. "నువ్వే వద్దన్నవా?"

"నేనే." రుక్కమ్మ దీన్ని దాచి ఉంచాలనుకుంది. ఎవరికీ చెప్పకుండా తనలోనే పెట్టుకోవాలనుకుంది. ఇప్పుడు సందు సందంతా చెవులు రిక్కించి వింటోంది. విననీ అనుకుంది. "రేపు గిర్ని తిరిగితే ఆడోళ్ళంత జొన్నలు పట్టుకొని వస్తరు. పిల్లగాండ్లను ఎంట తెస్తరు. వాళ్ళు మిషను ముట్టకుండ ఉంటరా? ఎవలికేం కాకుండ కిందుండి సూసుకునేటోడు ఒకడు కావాలె గదత్తా. ఆయన గాక నాకెవరున్నరు?"

భీమమ్మ కోడలి ముఖంలోకి, ఎన్నడూ చూడనట్టు చూస్తూ కూర్చుంది. బొటనవేలు మాత్రం రేకు మీద అక్షరాల వెంబడి కదులుతూనే ఉంది.

"అడగనంపిండు అంటివి," అన్నది చివరికి. గొంతులో తడి పోయింది. "ఎవరితోని అడగనంపిండు?"

రుక్కమ్మ మోకాలికి అంటిన బొగ్గు తుడుచుకుంది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"ఎవరితోనే?"

"బావతోని."

గుంతలో నుంచి భీమమ్మ పైకి చూసింది. అంత కింద నుంచి చూస్తే పెద్దకొడుకు చాలా పొడుగ్గా కనిపించాడు.

"గోవిందూ. పొద్దున నేను తవ్విస్తుంటె నా పక్కన్నే ఉంటివి. నేను నెత్తి కొట్టుకుంటుంటె ఉంటివి. పేరు సదివి ఇనిపిస్తివి. ఇది కాగు రేకని ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వడగలే గదమ్మా."

ఆ మాట అన్నాక గోవిందుకే అది బాగా లేదనిపించిందేమో, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

భీమమ్మ రేకును గుంత అడుగున నిలువుగా ఆనించి పెట్టింది. పేరు ఉన్న వైపు కొట్టానికి ఎదురుగా ఉండేలా తిప్పింది. కోడలి భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"పైకెక్కు. బొగ్గు తట్ట అందియ్యి."

తీగ బిగించాల్సినవాడు ప్రభుదాసు. అతను కదల్లేదు. గోడకు చేరగిలబడి చేతులు కట్టుకున్నాడు.

"నేను ముట్టను. నేను ముట్టబట్టే గద రాగి మంత్రమైంది."

"ప్రభుదాసన్నా, యాళ్ళ లేదు," అన్నది రుక్కమ్మ.

"మీకు లేదమ్మా. నాకు మస్తున్నది. దవాఖానకు పోయి మూతి కుట్టిచ్చుకోవాలె."

భీమమ్మ గుంత ఎక్కి వచ్చింది. మసి చేతులతోనే వంటింట్లోకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. గోడ దాకా వచ్చి ఆగింది. ఆగినంతసేపు పెంటమ్మ మెడ సారసపక్షి మెడలా సాగింది. భీమమ్మ చెంబును గోడ మీద పెట్టలేదు. అతని చేతిలో పెట్టింది.

"మూతి కడుక్కో బిడ్డా. నోరు జారిన. తప్పు నాదే."

ప్రభుదాసు చెంబు వంక, ఆమె వంక చూశాడు. నోరు కడుక్కున్నాడు, మిగిలిన నీళ్ళు తాగాడు. తర్వాత పటకారు తీసుకుని గుంతలోకి దిగాడు. అతని కోపం పోలేదని అతను తీగను బిగించిన తీరులోనే తెలిసింది. కానీ గట్టిగానే బిగించాడు.

ఆడవాళ్ళిద్దరూ బొగ్గు వేశారు, ఉప్పు వేశారు, మట్టి కప్పారు. దేవమ్మ మొగుడి వంక చూసి చూసి, చూడనట్టు వచ్చి రెండు బిందెల నీళ్ళు పోసి పోయింది.

ఇన్‌స్పెక్టరు జట్కా దిగేసరికి సందులో జనం పల్చబడ్డారు. ఎర్ర టోపీ, చేతిలో తోలు పెట్టె. కొట్టంలోకి వచ్చి ఇనుప గొట్టాలు తట్టి చూశాడు, మెయిను డబ్బా మూత తీసి చూశాడు. పెట్టెలోంచి చేతితో తిప్పే యంత్రం తీసి, దాని తీగలు ఒకటి మోటారుకు, ఒకటి మట్టిలోకి పోయే తీగకు తగిలించి గిరగిరా తిప్పాడు. మోటారు ఒంటి నుంచి గుంత దాకా ఒక దారి ఉందని యంత్రం మీది ముల్లు చెప్పాలి. అది చెప్పేది రుక్కమ్మకు చదవడం రాదు. అతని ముఖం చదవడానికి చూసింది.

"అచ్ఛా ఎర్తు," అన్నాడాయన. "బహుత్ అచ్ఛా. ఎవరు చేసిండ్రు?"

"మేమందరం," అన్నది భీమమ్మ, తనను అడిగినట్టే.

ఇన్‌స్పెక్టరు మీసాల్లో నవ్వుకున్నాడు. "ఠీక్ హై. లైన్ దేదేంగే, ఇచ్చేస్తం. కొట్టం ఎవరిది? మాలిక్ ఎవరు?"

"నాది సాబ్," అన్నాడు గోవిందు.

పొద్దుటి నుంచి ద్వారబంధం వదలని మనిషి ఇప్పుడు వదిలి ముందుకు వచ్చాడు.

"కొట్టం నాది. నేను ఒప్పుకుంటలేను. ఈ కొట్టం సావుకారికి మాటిచ్చిన. పల్లికాయ నింపుకుంటనన్నడు."

రుక్కమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. పొద్దున ఆయన నోరు ఎందుకు మెదపలేదో ఇప్పుడు తెలిసింది. కాగు కంచరి దగ్గరికి మోసుకుపోయినప్పుడు కూడా ఈ మాట కడుపులో పెట్టుకునే పోయాడన్నమాట. పనంతా కానిచ్చి, చివరి ఘడియలో చెయ్యి అడ్డం పెట్టాడు.

"బావా, ఇది ఆయన బస్సు కోసం కట్టిచ్చుకున్న కొట్టం."

"కట్టిచ్చింది వాడైతే, వాడు లేడు. ఇంటికి పెద్దోన్ని నేను. నీకు తిండికి లోటు చేసిన్నా? బట్టకు లోటు చేసిన్నా? ఆడోళ్ళు గిర్ని పెట్టి బజార్ల కూసుంటరా? నాకు తలకొట్టేసినట్టు కాదా?"

"ఇసుర్రాయి ముంగట కూసుంటె మీకు తలకొట్టేసినట్టు కాలే బావా. గిర్ని ముంగట కూసుంటె అయితదా?"

"నోర్ముయ్!"

"పంచురా," అన్నది భీమమ్మ.

గోవిందు వినిపించుకోలేదు. ఆమె మళ్ళీ అన్నది, ఈసారి మెల్లగా.

"ఇల్లు పంచు. ఇయ్యాల్నే పంచు. నా చిన్నకొడుకు పాలు చిన్నకోడలికి పెట్టు. నేను చిన్నకోడలి దిక్కు పోత."

దేవమ్మ చేతిలోని బిందె జారి చప్పుడైంది. ఇల్లు రెండు కాకుండా నలభై ఏళ్ళు కాచుకున్న మనిషి భీమమ్మ. తోడికోడళ్ళు తగువులాడుకుంటే ఇద్దరికీ అన్నం మానిపించి కలిపి కూర్చోబెట్టిన మనిషి. రుక్కమ్మ ఏనాడూ పంపకం అడగలేదు. ఆమెకు కావలసింది కొట్టం ఒక్కటే. తన లైను కోసం ఈ ఇల్లు చీలుతోందని తెలిసి ఆమె గుండె చెరువైంది. కాని వద్దు అత్తా అనడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. వద్దంటే రేపటి నుంచి మళ్ళీ ఆ రాయే.

ఇన్‌స్పెక్టరు తోలు పెట్టె మూసుకున్నాడు. "దేఖో, మీ ఝగడాల నేను రాను. సాయంత్రం బండికి పాలమూరు పోత. అప్పటిదాంక టేషను కాడి ముసాఫిర్‌ఖానల ఉంట. కొట్టం ఈ అమ్మదని మీ పటేలు వచ్చి చెప్పాలె. చెప్పకుంటే లైను సావుకారికి. మళ్ళ నన్ను పరేషాన్ చెయ్యొద్దు."

జట్కా కదిలిపోయింది. గోవిందు తల్లి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఒక్కో మాటా నొక్కి చెప్పాడు.

"పోదాం పటేలు దగ్గరికి. పోదాం నడువు. పొద్దున సందుల నిలబడి, నా కోడలు బాణామతి చేసి నా కొడుకును మింగిందని ఒర్లింది నేనా, నువ్వా? పటేలు నన్నడుగుతడు. ఇన్నదే చెప్త. మొగున్ని మింగినదానికి మొగుని పాలు ఇయ్యమని ఏ పెద్దమనిషి చెప్తడో సూస్త."

అతను ఇంట్లోకి పోయాడు. లోపలి నుంచి గడియ పడింది.

భీమమ్మ మూసిన తలుపు వంక చూస్తూ నిలబడింది. ఆమె ఆ ఇంటి గడప బయట నిలబడి తలుపు మూసుకోవడం చూడటం అదే మొదలు. తర్వాత పెంటమ్మ వైపు తిరిగింది.

"పొద్దున నేనన్న మాట నువ్వు ఎందర్కి చెప్పినవే?"

పెంటమ్మ ముఖం పాలిపోయింది. "నేనా? నేనెవర్కి చెప్పిన వదినా. బాయికాడ నలుగురికి. గంతే. మంగలోళ్ళ ఇంట్ల ఇద్దరికి."

"అయితే ఊరంత తెల్సింది. మంచిదే, మళ్ళ ఒక్కొక్కరికి చెప్పే పని లేదు." భీమమ్మ మసి చేతులు చీరకే తుడుచుకుంది. "నడువు రుక్కమ్మా."

"అత్తా, ఊర్లె అందర్ల ముంగట నువ్వు నీ మాట నువ్వే..."

"నడువంటి."

మొగుడు పోయిన నాటి నుంచి భీమమ్మ పెద్దబజారు తొక్కలేదు. ఇవాళ నడిబజారులో, బొగ్గు మట్టి అంటిన చీరతో, చిన్నకోడలిని వెంటేసుకుని నడిచింది. దుకాణాల మీద కూర్చున్నవాళ్ళు మాటలు ఆపి చూశారు. రుక్కమ్మకు ఆ చూపులు ఒంటికి అంటుకున్నాయి. అయినా తలదించుకోలేదు. అత్త అడుగుకు అడుగు కలిపి నడిచింది. ఏం జరిగినా ఇంక వెనక్కి తిరిగేది లేదని ఆమె మనసు గట్టిపడింది.

పటేలు ఇంటి ముందుకు వచ్చేసరికి అరుగు మీద మనుషులున్నారు. పటేలు, ఆయన పక్కన నూనె మిల్లు సావుకారు. వాళ్ళకు ఎదురుగా, భుజం మీది తువ్వాలతో చెమట తుడుచుకుంటూ గోవిందు. పెరటి తలుపుకు గడియ పెట్టి, వీధి తలుపులోంచి పరుగున వచ్చి, వాళ్ళకంటే ముందే కూర్చున్నాడు.

పటేలు నెమ్మదైన మనిషి. ఆడవాళ్ళిద్దరినీ చూసి గొంతు సవరించుకున్నాడు.

"రా భీమమ్మా. నీ పెద్దోడు అంత చెప్పిండు. నీ చిన్నకోడలు బాణామతి చేసిందని పొద్దున అందర్ల ముంగట అన్నవంట. అన్నవా, లేదా?"

"అన్న."

"నిజమేనా?"

"అబద్ధం," అన్నది భీమమ్మ. "నా కోడలు ఏం చెయ్యలె. నేను అబద్ధమాడిన."

సావుకారు చిన్నగా దగ్గాడు. పటేలు ఆమెను పరీక్షగా చూశాడు.

"పొద్దున ఆడింది అబద్ధమా భీమమ్మా? ఇప్పుడు కోడలికి కొట్టం ఇప్పియ్యనీకె ఆడుతున్నది అబద్ధమా? మాకెట్ల తెలుస్తది?"

భీమమ్మ కింద నిలబడి జవాబు చెప్పదలచుకోలేదు. కోడలి చెయ్యి పట్టుకుని, ఆ ఊళ్ళో ఆడది ఎన్నడూ ఎక్కని ఆ అరుగు మెట్లెక్కింది. రుక్కమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, కొడుకుకు ఎదురుగా కూర్చుంది.

"ఆ రేకు దేనిదో నా పెద్దోన్ని అడుగు పటేలా, అడిగితేనే చెప్తడు," అన్నది.